మన వీధి కింద మెట్రో తవ్వితే

(బెంగళూరు కోరమంగలలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన వరసనే ఉంచాం. చివర్లో సభ నుంచి వచ్చిన ప్రశ్నలు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, గంట పైనే పడుతుంది.

ఈ సమావేశానికి ముందు మీరు రాసి పంపిన చీటీలు చదివాను. ముప్పాతిక వంతు చీటీల్లో ఒకటే ప్రశ్న: "మా ఇంటి కింద నుంచి సొరంగం పోతే ఇల్లు నిలుస్తుందా?" దానికి జవాబు చెప్తాను. అయితే దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది: స్టేషను గొయ్యి మన గోడకు ఎన్ని మీటర్ల దూరంలో పడుతోంది? సొరంగం యంత్రం మీ పునాది కింద ఉండేది కొద్ది రోజులు. స్టేషను గొయ్యి మీ గుమ్మం ముందు ఉండేది ఏళ్ళ తరబడి. భయం ఒకచోట, నష్టం ఇంకోచోట ఉన్నాయి.

మన ఊళ్ళో ఇది కొత్త పనేమీ కాదు. మొదటి దశ 42.3 కిలోమీటర్లలో దాదాపు 8.8 కిలోమీటర్లు భూగర్భమే. కబ్బన్ పార్కు నుంచి సిటీ రైల్వే స్టేషను వైపు పోయే ముక్క 2016 ఏప్రిల్‌లో, చిక్‌పేట, కె.ఆర్. మార్కెట్ మీదుగా పోయే ముక్క 2017 జూన్‌లో తెరిచారు. చిక్‌పేట వైపు తవ్విన యంత్రాలకు కృష్ణ, గోదావరి అని పేర్లు పెట్టారు. మనవాళ్ళ బట్టల కొట్ల కింద నుంచి మన నదులే పోయాయన్నమాట. (నవ్వులు) అందులో గోదావరి మెజెస్టిక్, చిక్‌పేట మధ్య చాలాకాలం ఇరుక్కుపోయింది కూడా. ఎందుకో తర్వాత చెప్తాను. రెండో దశలో కాళేన అగ్రహార నుంచి నాగవార దాకా పింక్ లైను. మొత్తం 21.26 కిలోమీటర్లు, అందులో డెయిరీ సర్కిల్ నుంచి నాగవార వరకు 13.76 కిలోమీటర్లు నేల కింద, 12 స్టేషన్లు. తొమ్మిది యంత్రాలు 2020లో మొదలుపెట్టి 2024 అక్టోబరులో ముగించాయి. ఇక మీరందరూ ఎదురుచూస్తున్న హెబ్బాళ-సర్జాపుర లైను ప్రతిపాదనలో 36 కిలోమీటర్లకు పైగా ఉంది, అందులో 14 కిలోమీటర్లకు పైగా భూగర్భం. కోరమంగల కూడా ఆ భాగంలోనే వస్తుంది.

గొయ్యితో మొదలుపెడదాం, చిన్న లెక్కతో. భూగర్భ స్టేషను అంటే సుమారు 210 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల లోతు అనుకోండి. గుణిస్తే 94,500 ఘనపు మీటర్లు. పక్క స్టేషను దాకా 900 మీటర్ల జంట సొరంగాలు, తవ్వకం వ్యాసం 6.6 మీటర్లు అనుకుంటే వచ్చే మట్టి దాదాపు 61,000 ఘనపు మీటర్లే. అంటే రెండు సొరంగాల కంటే ఒక్క గొయ్యిలోంచే ఎక్కువ మట్టి, రాయి పైకి వస్తుంది. తవ్వాక మట్టి ఉబ్బుతుంది, 1.4 రెట్లు వేసుకోండి. 14 ఘనపు మీటర్ల టిప్పర్లు తొమ్మిదివేల నాలుగు వందల ట్రిప్పులు కొట్టాలి. ఏడాదిన్నరలో ముగించాలంటే రాత్రికి పదిహేడు పద్దెనిమిది బళ్ళు. ఖాళీగా వచ్చేవీ కలిపితే మీ వీధి మలుపులో ముప్పై అయిదు సార్లు. పగలు పెద్ద బళ్ళను ఊళ్ళోకి రానివ్వరు కాబట్టి ఇదంతా రాత్రే. మీకు నిద్ర చెడేది యంత్రం వల్ల కాదు, టిప్పరు రివర్సు హారన్ వల్ల. కాబట్టి కాంట్రాక్టరుతో మొదటి సమావేశంలో అడగవలసింది లారీల దారి. ఏ గేటు నుంచి వస్తాయి, ఏ గేటు నుంచి పోతాయి? లోపల తిరగడానికి చోటుంటే రివర్సు అవసరమే ఉండదు. గేటు దగ్గర చక్రాలు కడిగే గుంత ఉందా? అది లేకపోతే ఆ బురదంతా రోడ్డు మీద ఎండి దుమ్మవుతుంది, ఆ దుమ్ము మీ వంటింట్లోకి వస్తుంది. శబ్దానికి చట్టం ఉంది. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45. నిజం చెప్పాలంటే రోడ్డు పక్క ఇంట్లో ఏ పనీ లేకున్నా 45 దాటే ఉంటుంది. అందుకే పని మొదలయ్యే ముందే వారం రోజులు కొలిపించి రాయించుకోండి. ఆ తర్వాత ఎంత పెరిగిందో చూపించగలరు.

ఇప్పుడు గొయ్యి ఎలా దిగుతుందో చూద్దాం. బెంగళూరు నేల పైన ఎర్రమట్టి, దాని కింద కుళ్ళిన రాయి, ఇంకా కింద గట్టి నైసు, గ్రానైటు. మట్టి మందం ఒకచోట అయిదు మీటర్లుంటే ఫర్లాంగు దూరంలో పదిహేనుంటుంది. మట్టి ఉన్నంతమేరా ముందు గొయ్యి చుట్టూ పైల్స్, అంటే కాంక్రీటు స్తంభాలు, దింపుతారు. ఒకదాన్నొకటి కొరుక్కుంటూ పోయే సీకెంట్ పైల్స్ అయితే నీళ్ళు రావు. రావు అనే అనుకుంటారు. పైలు నిలువు 200కి 1 తప్పినా 15 మీటర్ల లోతులో 75 మిల్లీమీటర్లు పక్కకు పోయినట్టే. పక్క పైలు అటువైపు పోతే రెంటికీ మధ్య సందు పడుతుంది. ఆ సందులోంచి నీళ్ళొస్తే భయం లేదు, నీళ్ళతో పాటు మట్టి వస్తేనే భయం. గోడలోంచి ఊరే నీరు తేటగా ఉందా, ఎర్రగా ఉందా అన్నది సైటులో ఎవరైనా చూసి చెప్పగలిగేదే. ఎర్రగా వస్తోందంటే గోడ వెనకాల, అంటే మీ వైపు, ఖాళీ ఏర్పడుతున్నట్టు. అది మీ కాంపౌండు గోడ కిందే కావచ్చు.

రెండో బలహీన చోటు పైలు అడుగు. పైలు రాతి మీద కూర్చుంటుంది, దాని కింద ఇంకా పది మీటర్లు రాయి తవ్వాలి. పైలు కొన దగ్గర ఒక మీటరు రాతి అరుగు వదిలి, రాతిలోకి ఉక్కు కడ్డీలు (రాక్ యాంకర్లు) బిగించి, ఆ కింద రాతి ముఖానికి షాట్‌క్రీట్, అంటే చిమ్మే కాంక్రీటు, కొడుతూ దిగాలి. తొందరలో ఆ అరుగును రాయి పగలగొట్టే బ్రేకరుతో కొట్టేస్తే పైలుకు కాలు కింద నేల ఉండదు. మూడోది, అన్నిటికంటే ఎక్కువగా జరిగేది: గొయ్యి గోడల మధ్య అడ్డంగా ఆనించే ఉక్కు దూలం, స్ట్రట్, బిగించకముందే కింది మెట్టు తవ్వేయడం. స్ట్రట్ రావడానికి నాలుగు రోజులు పడుతుంది, ఎక్స్‌కవేటరు ఖాళీగా నిలబడితే అద్దె దండగ, కాబట్టి తవ్వేస్తారు. గోడ లోపలికి వంగుతుంది. అలా వంగింది, తర్వాత స్ట్రట్ పెట్టినా వెనక్కి పోదు. పది మీటర్ల మట్టి ఉన్న గొయ్యిలో పని జాగ్రత్తగా జరిగితే గోడ కదలిక పది, ఇరవై మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. గోడలో దాని వంపు కొలిచే ఇంక్లినోమీటరు గొట్టాలుంటాయి, వాటి కొలత ప్రతి వారం వస్తుంది. మట్టి లోతుకు రెండింతల దూరం వరకు దిగుబాటు ఉండొచ్చు కాబట్టి పది మీటర్ల మట్టికి ఇరవై మీటర్ల లోపల ఇళ్ళున్నవాళ్ళు ఆ కొలతల పట్టిక అడగండి. "రీడింగులు బాగానే ఉన్నాయి" అనే మాట వద్దు, పట్టికే కావాలనండి.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. గొయ్యిలోంచి రాత్రింబవళ్ళు పంపులు లాగుతుంటే చుట్టుపక్కల నీటిమట్టం దిగుతుంది. ఒక మీటరు నీరు దిగితే నేల మీద ప్రతి చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను అదనపు భారం పెట్టినట్టే. ఎర్రమట్టి అయితే ఓర్చుకుంటుంది. చెరువు మట్టి ఓర్చుకోదు. కోరమంగల నాలుగో బ్లాకులో ఎస్.టి. బెడ్ అని పిలిచే లేఅవుటు ఉంది కదా, అది శ్రీనివాగిలు చెరువు గర్భం. మెజెస్టిక్ బస్టాండు ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. అలాంటి చోట మెత్తటి నల్లబంక మీద పైపైన పునాది వేసిన ఇల్లు, మట్టం దిగినప్పుడు ఒకే రకంగా కుంగదు. ఒక మూల ఎక్కువ కుంగుతుంది, పగుళ్ళు అక్కడే. మీ లేఅవుటు పాత సర్వే పటంలో చెరువు కింద ఉందేమో తీసి చూడండి. అలా ఉంటే గొయ్యి చుట్టూ నీటిమట్టం కొలిచే పీజోమీటర్లు పెట్టమని, మట్టం బాగా దిగితే రీచార్జి బావుల్లోకి నీరు తిరిగి పంపమని పని మొదలవ్వకముందే రాతలో అడగాలి. మన బోర్లు రాతి పగుళ్ళలోంచి నీరు తాగేవి. గొయ్యి కూడా అవే పగుళ్ళను కోస్తుంది. ఆ కాలంలో మీ బోరు తగ్గితే ఆశ్చర్యపోవద్దు. పని మొదలయ్యే ముందు బోరు ఎన్ని గంటలు ఆడితే ఎంత నీరిచ్చేదో కొలిచి పెట్టుకుంటే అప్పుడు నోరుంటుంది.

రాయి కొట్టడం. రెండు దారులున్నాయి. ఎక్స్‌కవేటరుకు బ్రేకరు తగిలించి పగలంతా దంచడం ఒకటి, నియంత్రించిన బ్లాస్టింగు ఇంకోటి. అందరూ బ్లాస్టింగు వద్దంటారు. నా ఉద్దేశం వేరు. సరిగ్గా చేసిన బ్లాస్టింగు రోజుకు ఒకటి రెండు సార్లు, సెకన్లలో ముగుస్తుంది. బ్రేకరు నెలల తరబడి ఎనిమిదేసి గంటలు. సరిగ్గా చేయడమంటే ఒక రంధ్రానికీ ఇంకో రంధ్రానికీ మిల్లీసెకన్ల తేడాతో పేల్చాలి, పైన ఇనుప వల, ఇసుక బస్తాలు, రబ్బరు మ్యాట్లు కప్పాలి, సైరను మోగించాలి, మీ ఇంటి పునాది దగ్గర వైబ్రేషను మీటరు పెట్టాలి. గనుల భద్రతా డైరెక్టరేటు 1997 సర్క్యులరు ప్రకారం మామూలు ఇళ్ళకు పరిమితి, కంపనం ఎనిమిది హెర్ట్జ్ కంటే తక్కువైతే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 దాకా 10, ఆపైన 15. పాతకాలపు, నాజూకు కట్టడాలకు 2, 5, 10. మనిషికి 0.3 దగ్గరే తెలిసిపోతుంది. గిన్నెలు గలగలమన్నాయని ఇల్లు దెబ్బతిన్నట్టు కాదు, అలాగని మీటరు లేకుండా పేల్చడం ఒప్పుకోనక్కర్లేదు. ఆ రోజు రీడింగు సాయంత్రానికి గేటు దగ్గర బోర్డు మీద రాయించండి, సగం గొడవలు తగ్గుతాయి.

గొయ్యి తవ్వక ముందే ఇంకో గొడవ నడుస్తుంది, పైపులు మార్చడం. కావేరి నీటి లైను, యూజీడీ అనే నేల కింది మురుగు లైను, కరెంటు కేబుళ్ళు, గ్యాసు, ఇంటర్నెట్ తీగలు. నీటి లైను ఎటైనా వంచొచ్చు, ప్రెషరు మీద పోతుంది. యూజీడీకి వాలు కావాలి. స్టేషను చుట్టూ తిప్పితే దారి పొడుగవుతుంది, వాలు చచ్చిపోతుంది, మట్టి పేరుకుంటుంది, మొదటి వానకు మీ బాత్రూములోకి ఎదురు తంతుంది. తాత్కాలిక లైనుకు ఎక్కడెక్కడ మ్యాన్‌హోళ్ళున్నాయో, చోక్ అయితే ఎవరికి ఫోను చేయాలో ముందే రాయించుకోండి. కింది అంతస్తు వాళ్ళు లైనులో ఎదురు నీరు ఆపే వాల్వు పెట్టించుకోండి, ఖర్చు పెద్దది కాదు. రాజకాలువె (వాన నీటి పెద్ద కాలువ) పక్కన గొయ్యి ఉంటే వానాకాలానికి ముందు కాలువ వెడల్పు తగ్గించలేదని కళ్ళతో చూసి రండి.

ఇక కాలం. కామరాజ్ రోడ్డు గుర్తుందా? ఎం.జి. రోడ్డు భూగర్భ స్టేషను కోసం 2019లో మూశారు. ఒకవైపు దారి తెరిచింది 2024లో. అక్కడ చిన్న దుకాణం పెట్టుకున్నవాడికి అయిదేళ్ళంటే వ్యాపారం మొత్తం. స్థలం పోయినవాళ్ళకు పరిహారం లెక్క ఉంటుంది. బారికేడు వెనకాల మిగిలిపోయినవాడికి చెయ్యి చాచడానికి తలుపే కనిపించదు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. ప్రాజెక్టు ఖర్చులో ఈ పద్దు కూడా వేయాలి.

సరే, సొరంగం. యంత్రం అంటే ముందు తిరిగే చక్రం, దాని మీద రాయి కోసే డిస్కు కట్టర్లు, వెనకాల డాలు, ఆ వెనక వంద మీటర్ల దాకా ట్రాలీలు. ముందు మట్టి కూలకుండా ఒత్తిడి నిలపాలి. దానికి ఒక రకం యంత్రం తవ్విన మట్టినే గదిలో కుక్కి పట్టుకుంటుంది, ఇంకో రకం బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన నీళ్ళు నింపుతుంది. రెండో రకానికి పైన బురదను వడకట్టే ప్లాంటు కావాలి. దాని చోటు, మోత రెండూ ఎక్కువ. మీ పార్కు పోతుందంటే తరచు ఆ ప్లాంటుకే. ఒక్కో విడతలో మీటరున్నర దాకా తవ్వుతుంది, ఆగి సెగ్మెంట్లనే ముక్కలతో కాంక్రీటు రింగు కడుతుంది, ఆ రింగును తన్నుకుని మళ్ళీ ముందుకు పోతుంది. సొరంగం లోపలి వ్యాసం 5.8 మీటర్లు, రింగు మందం 275 మిల్లీమీటర్లు వేస్తే బయటి వ్యాసం 6.35. తవ్వింది 6.6 అయితే చుట్టూ సందు మిగులుతుంది. 1.4 మీటర్ల రింగుకు ఆ సందు మూడున్నర ఘనపు మీటర్లు. దాన్ని వెంటనే, యంత్రం కదులుతూ ఉండగానే, పలచటి సిమెంటు ముద్ద లాంటి గ్రౌటుతో నింపాలి. మూడున్నర పట్టే చోట రెండున్నరే వెళ్ళిందని రికార్డులో ఉంటే ఆ తేడా పైన రోడ్డు మీద తేలుతుంది.

ఎంత తేలుతుంది? ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. అవసరానికి మించి తవ్విన మట్టి మొత్తంలో ఎంత శాతమో దాన్ని వాల్యూమ్ లాస్ అంటారు. తవ్వకం అడ్డుకోత 34 చదరపు మీటర్లు, అందులో ఒక శాతం 0.34. సొరంగం మధ్యగీత 15 మీటర్ల లోతున ఉంటే నేల మీద పల్లం గంట ఆకారంలో వస్తుంది. దాని వెడల్పు కొలత లోతులో సగం, 7.5 మీటర్లు. 0.34ని 2.5తో, మళ్ళీ 7.5తో భాగిస్తే 18 మిల్లీమీటర్లు. మధ్యలో గరిష్ఠం అది. ఇరవై మీటర్ల అవతల ఏమీ ఉండదు. అర శాతంతో జాగ్రత్తగా తవ్వితే తొమ్మిది మిల్లీమీటర్లే. మూడు శాతం పోతే 55. రెండో సొరంగం పోయాక రెండింటివీ కలుస్తాయి, అందుకే మొదటి యంత్రం దాటగానే పండగ చేసుకోకండి.

పద్దెనిమిది మిల్లీమీటర్లకు ఇల్లు పడిపోదు. ఇల్లంతా ఒకేలా దిగితే పగులు కూడా రాదు. ఇంటికి ఒక వైపు దిగి ఇంకో వైపు దిగకపోతేనే చిక్కు. కాబట్టి సొరంగం నెత్తిన ఉన్న ఇంటికంటే పది మీటర్లు పక్కన, ఆ గంట వంపు మీద ఉన్న ఇల్లు ఎక్కువ బాధపడవచ్చు. "మా ప్లాటు మీదుగా పోవడం లేదుగా" అని ఊరుకోవద్దు.

ఇప్పుడు గోదావరి ఎందుకు ఇరుక్కుంది, బ్రిగేడ్ రోడ్డు ఎందుకు కుంగింది లాంటి ప్రశ్నలకు మూలం. బెంగళూరు నేలలో గట్టి రాయి గుండ్లు మట్టి మధ్యలో ఉంటాయి. ఉప్మాలో జీడిపప్పు లాగా, గరిటె పెట్టేదాకా ఎక్కడుందో తెలియదు. బోరు వేసి చూసేది ముప్పై, యాభై మీటర్లకు ఒకటి, రెండు బోర్ల మధ్య ఏముందో ఊహే. యంత్రం ముఖంలో కింద సగం గట్టి రాయి, పైన సగం మెత్తటి మట్టి వస్తే కట్టర్లు ఒక్కో చుట్టులో రాయిని గుద్దుకుంటూ తిరుగుతాయి, అరుగుతాయి, విరుగుతాయి. రాయి కోయడానికి నెమ్మదిగా పోవాలి. అలా నెమ్మదిగా తిరిగినంతసేపూ పైనున్న మట్టి జారి లోపలికి వస్తూనే ఉంటుంది. మీటరు ముందుకు పోయింది, మీటరున్నర మట్టి బయటికి వచ్చింది. ఆ అర మీటరు లెక్క పైన గుహగా మిగులుతుంది. ఆ గుహ అప్పుడే కనబడదు. రోజులు, ఒక్కోసారి వారాలు పట్టి పైకి పాకుతుంది. తారు రోడ్డు దాన్ని పలకలాగా కప్పి మోస్తుంది. ఒక వాన, ఒక లారీ చాలు. 2023 జనవరి 12న బ్రిగేడ్ రోడ్డులో మెట్రో సొరంగం పని సాగుతున్న వరసలోనే రోడ్డు కుంగి ఒక బైకు పడిపోయింది. చెన్నైలో 2017 ఏప్రిల్‌లో అన్నా సాలైలో సిటీ బస్సు, కారు ఒకే గోతిలో దిగిపోయాయి. కోల్‌కతా బౌబజారులో 2019 ఆగస్టు 31న యంత్రం నీటి పొరను తాకింది, పైన ఇళ్ళే కూలిపోయాయి.

దీనికి మందు ఉంది. ప్రతి రింగుకూ ఎంత మట్టి రావాలి, ఎంత వచ్చింది అని తూచడం. ఎక్కువ వచ్చిందంటే ఆ రింగు నంబరు పట్టుకుని పైన రోడ్డు మీద అదే రోజు సన్నటి డ్రిల్లు వేసి ఖాళీ ఉందేమో చూసి గ్రౌటు పోయాలి. నేల లోపల చూసే రాడార్ బండి తోలడం మంచిదే, కానీ బంక మట్టిలో దాని చూపు ఎక్కువ లోతు పోదు, దాన్నే నమ్ముకుంటే లాభం లేదు. ఇంకో మందు: యంత్రం ఇళ్ళ కింద ఆగకూడదు. కట్టర్లు మార్చాలంటే మనుషులు గాలి ఒత్తిడిలో ముందు గదిలోకి వెళ్ళాలి, ఆ గంటల్లో యంత్రం ఎదుటి మట్టి ముఖం కూలే అవకాశం ఎక్కువ. రోడ్డు కింద, ఖాళీ స్థలం కింద, ముందే గ్రౌటు చేసి పెట్టిన చోట ఆగి మార్చుకుని, తర్వాత ఇళ్ళ కింద ఆగకుండా దాటాలి. మంచి మట్టిలో యంత్రం రోజుకు ఎనిమిది, పది మీటర్లు పోతుంది. ఇలాంటి కలగలుపు నేలలో రెండు మూడు మీటర్లు. "మా బ్లాకుకు ముందు కట్టర్లు మార్చే చోటు ఎక్కడ?" అని మీరు అడిగితే ఎదుటి ఇంజనీరు మిమ్మల్ని కొంచెం జాగ్రత్తగా చూస్తాడు. అడగండి.

ఇక మీ చేతిలో ఉన్నది: పని మొదలయ్యే ముందు ఇంటి స్థితి సర్వే. కాంట్రాక్టరు మనిషి కెమెరాతో వస్తాడు. పనిమనిషి ఉంటే చాలులే అని ఆఫీసుకు వెళ్ళిపోకండి, ఇంట్లో ఉండండి. పడకగదికి రానివ్వం, దేవుడి గది తియ్యం అంటే ఆ గదిలో పగుళ్ళకు తర్వాత సాక్ష్యం ఉండదు. ప్రతి పగులూ గీసి, రెండు కొసలా పెన్సిల్ గీతా తేదీ పెట్టి, పక్కన స్కేలు ఉంచి ఫొటో తీయించండి. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు, మెట్ల గది, తర్వాత కట్టిన పోర్టికో, కాంపౌండు గోడ: వీటి పునాదులు అసలు ఇంటి పునాదితో కలిసి ఉండవు, ముందు విడేది అతుకు దగ్గరే. సంపు మరవకండి. ఇంటికంటే ముందు సంపు పగులుతుంది, మనకు తెలిసేది నీళ్ళ బిల్లు వచ్చాక. రాత్రి నింపి వాల్వు కట్టి, పొద్దున మట్టం ఎంత దిగిందో రాయండి. సర్వే నివేదిక కాపీ చేతికి వచ్చాకే సంతకం. పునాది చెక్కిన రాయితో కట్టిందా, పిల్లర్లా, ఎంత లోతు అన్నది పాత ప్లానులో వెతకండి. రాతి పునాది, మట్టి గార గోడలున్న పాత ఇళ్ళు మొదటి జాబితాలో ఉండాలి. అలాంటి ఇళ్ళవాళ్ళను యంత్రం దాటే రోజుల్లో లాడ్జికి మార్చడం మామూలే. ఆ మాట కూడా ముందే రాయించుకోవాలి, రాత్రి పదకొండింటికి తలుపు తట్టి చెప్పడం కాదు.

పగుళ్ళకు అంతర్జాతీయంగా వాడే కొలబద్ద ఒకటుంది. పదో వంతు మిల్లీమీటరు లోపు వెంట్రుక పగులు, లెక్కలోకి రాదు. ఒక మిల్లీమీటరు దాకా రంగుతో పోతుంది. అయిదు దాకా స్వల్పం, పూడ్చి గార చేయాలి, తలుపులు కొంచెం పట్టేస్తాయి. అయిదు నుంచి పదిహేను మధ్యరకం, ఇటుక కొంత తీసి కట్టాలి, పైపులు పోయి ఉండొచ్చు. పదిహేను దాటితే ఇంజనీరు వచ్చేదాకా ఆ గదిలో పడుకోవద్దు. వెడల్పుతో పాటు వేగం చూడండి. రెండు మిల్లీమీటర్లున్న పాత పగులు కంటే నిన్నటికి ఇవాళ్టికి అర మిల్లీమీటరు పెరిగిన సన్నటి పగులు ప్రమాదం.

రైళ్ళు నడిచాక వచ్చే కంపనం గురించి ఒక్క మాట. రైలు పట్టాల కింద రబ్బరు ప్యాడ్లు, అవసరమైతే తేలే స్లాబు వేస్తారు. ఆసుపత్రి, రికార్డింగు స్టూడియో ఉంటే ఇప్పుడే చెప్పాలి, పట్టాలు వేశాక మార్చడం చాలా కష్టం. మామూలు ఇళ్ళకు అంత చింత అక్కర్లేదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

ఒక పెద్దావిడ: బాబూ, మా అత్తగారు ఉన్నప్పుడు వేయించిన బోరు ఉంది. ఎండిపోయి ఇరవై ఏళ్ళయింది, మీద టైల్సు పరిచేశాం. ఇది కూడా చెప్పాలా? చెప్తే ఇల్లు తీసేసుకుంటారంటున్నారు.

తప్పకుండా చెప్పాలమ్మా. బోరు ఉందని ఎవరూ ఇల్లు తీసుకోరు. దాచిపెడితేనే ప్రమాదం. సొరంగం ముఖంలో ఒత్తిడితో ఉన్న బురదకు మీ పాత బోరు పైకి వచ్చే గొట్టం. యంత్రం ఆ పక్కకు రాగానే బెంటొనైట్ మీ హాల్లోకి తన్నుకొస్తుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది, ముఖం కూలుతుంది. పైగా ఇనుప కేసింగు కట్టర్లకు తగిలితే యంత్రం మీ ఇంటి కిందే ఆగుతుంది. ముందే తెలిస్తే కేసింగు వీలైనంత లాగేసి, అడుగు నుంచి పైదాకా సిమెంటు గ్రౌటు నింపి మూసేస్తారు. పై మూడు అడుగులు జల్లి పోసి మూశాం అంటే కుదరదు. పాత చేదబావి పూడ్చి దాని మీద గది కట్టినవాళ్ళు కూడా ఇక్కడ ఉండే ఉంటారు. అదీ ఇంతే.

ఒక యువకుడు: సార్, మా అపార్ట్‌మెంటుకు రెండు బేస్‌మెంట్లు ఉన్నాయి, పైల్ పునాది. మాకు భయం లేనట్టేనా?

పైల్స్ ఉన్నాయంటే లోతుకు దిగి ఉన్నాయి, సొరంగానికి దగ్గరయ్యాయన్నమాట. పైలు కొనకూ సొరంగం నెత్తికీ మధ్య ఎంత మిగిలిందో చూడాలి. పైలు భారమంతా కొన మీదే ఆనితే, కొన కింద నేల సడలితే ఇబ్బంది. మీ బిల్డరు దగ్గర కట్టినట్టు గీసిన డ్రాయింగు, పైల్ రికార్డు ఉంటాయి. అవి మెట్రోవాళ్ళు అడిగేదాకా ఆగకుండా అసోసియేషను తరఫున ఇచ్చి రసీదు తీసుకోండి. బేస్‌మెంటు గోడకు గతంలో నేల యాంకర్లు వేసి రోడ్డు కిందికి పంపారేమో కూడా అడగండి. చాలామంది బిల్డర్లు వేసి వదిలేస్తారు. ఆ ఉక్కు తీగలు యంత్రం చక్రానికి చుట్టుకుంటాయి.

ఇంకొకరు: పగులు వచ్చాక కాంట్రాక్టరు వెంటనే మనిషిని పంపి పుట్టీ పెట్టి రంగు వేసి పోతున్నాడట. మంచిదే కదా?

వెంటనే వద్దు. రెండు యంత్రాలూ దాటాలి, గొయ్యిలో పంపులు ఆగి నీటిమట్టం తిరిగి పైకి రావాలి, గోడ మీది గుర్తుల కొలతలు వరసగా కొన్ని వారాలు కదలకుండా ఉండాలి. అంతవరకు పగులు మీద గాజు పలక అంటించి లేదా పగులు మీటరు బిగించి వదిలేయండి. గాజు విరిగితే ఇంకా కదులుతున్నట్టు. ముందే పుట్టీ పెడితే సాక్ష్యం పోతుంది, మూడు నెలలకు అదే పగులు మళ్ళీ తెరుచుకుంటుంది, అప్పుడు మీది పాత ఇల్లు అంటారు. వాన నీళ్ళు లోపలికి వచ్చే బయటి పగుళ్ళకు మాత్రం సాగే సీలెంటు తాత్కాలికంగా పెట్టించండి, పెట్టే ముందు వెడల్పు కొలిచి ఫొటో తీసి, కాంట్రాక్టరు మనిషి చేత ఆ కాగితం మీద తేదీతో సంతకం చేయించండి.